ప్లీడరు చదువు - పెట్టెలోని పత్రం

ఇంట్లో పిల్లవాడో పిల్లో లా చదువుతున్నారంటే మన పెద్దలకెంత గర్వం! అది సహజమే. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు, కోలాచలం శ్రీనివాసరావుగారు, రాఘవగారు - నాటకరంగాన్ని వెలిగించిన ఈ ముగ్గురూ మన బళ్ళారిలో ప్లీడర్లే గదా!

కాని సెక్షన్లు వల్లెవేస్తే ప్లీడరయిపోరు. వైద్యవిద్యార్థి రోగి నాడి పట్టి నేర్చుకొన్నట్లే, లా విద్యార్థి కష్టంలో ఉన్న మనిషి ఎదుట కూర్చుని నేర్చుకోవాలి. ఇందుకే లా కాలేజీలలో లీగల్ క్లినిక్కులు. వీటిని ప్రోత్సహించాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోనే ఉన్నది.

అక్కడ విద్యార్థి చేసేదేమిటి? వచ్చినవారు చెప్పేది ఓపికగా వింటాడు, తేదీల వరుసన రాసుకొంటాడు, కాగితాలు చూస్తాడు, అర్జీ చిత్తుప్రతి రాసి గురువుకు చూపుతాడు. అవసరమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దారి చూపుతాడు. కోర్టులో వాదించే అధికారం మాత్రం అతనికి లేదు. విన్న రహస్యం బయట పెట్టరాదు. ఒక్కమాట గుర్తుంచుకోండి: స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని ఆ చట్టమే చెబుతున్నది.

ఇక మన ఊరి సంగతి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినవి. బళ్ళారి మైసూరులో చేరింది. గీత నేలమీద పడింది గాని చుట్టరికాలమీద పడలేదు. ఇప్పటికీ కొన్ని ఇండ్లలో తాతలనాటి భాగపత్రం తెలుగులో, నేటి పహణీ కన్నడంలో, కోర్టు తీర్పు ఇంగ్లీషులో ఉంటాయి.

అటువంటి భాగపత్రం కొంగున కట్టుకొని పల్లెనుంచి ఒక అవ్వ క్లినిక్కుకు వచ్చిందనుకోండి. ఎదుట కూర్చున్నది మన ఇంటి పిల్లే. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం రాదు! అవ్వకూ చదువు లేదు. ఇద్దరి నడుమ ఆ కాగితం మూగదై కూర్చుంటుంది. కోర్టుకు కావలసిన అనువాదం తరువాత చేయించవచ్చు. ముందు అందులో ఏమున్నదో తెలియాలి గదా!

కన్నడం మన పిల్లలకు బడిలో వస్తుంది, ఇంగ్లీషు కాలేజీలో వస్తుంది. తెలుగక్షరం మాత్రం ఇంట్లోనే రావాలి. లా చదివే పిల్లలను క్లినిక్కుకు తప్పక పంపండి; పంపేముందు ఈ ఆదివారం పెట్టెలోని పాత దస్తావేజు తీసి వారి ముందుంచండి. "తాతా, ఇదేమక్షరం?" అని అడిగితే కోప్పడకండి. ఆ ప్రశ్నతోనే ఒక మంచి ప్లీడరు పుట్టవచ్చు.