కళ్లజోళ్ల కొట్టు: ఒక తల్లి జాబునకు ప్రత్యుత్తరము

గుడివాడ నుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఈ నెల మాకు చేరినది. ఆమె కుమార్తె నాలుగేండ్లు ఆప్టోమెట్రీ చదివి పట్టము పొంది, హైదరాబాదులో నొక పెద్ద కళ్లజోళ్ల దుకాణమున రెండేండ్లు పనిచేసినది. ఇప్పు డా యుద్యోగము మాని, అమ్మమ్మగారి యూరికి దగ్గరగా నుండునని అవనిగడ్డలో స్వంతముగా కంటి పరీక్ష గది తెరచెదనని పట్టుపట్టినదట. తండ్రిగారు "డాక్టరు కానిదానికి బోర్డెందుకు?" అని కోపపడుచున్నారట. మేనత్తగారు సంబంధములు వెదకుచున్నారట. తల్లి మాత్రము పుట్టింటివారు పెట్టిన నగలు కుదువపెట్టి యిచ్చుటకు సిద్ధముగా నున్నది. అయితే ఈ పనిలో కూడు దొరకునా యని మమ్ము అడిగినది.

దొరకును. కాని అద్దములు తెలిసినంత మాత్రమున దొరకదు, లెక్క తెలియవలెను. దివిసీమలో నీ పని యెట్లు జరుగవలెనో మాకు తోచినది వ్రాయుచున్నాము.

ముందుగా తండ్రిగారి సందేహము తీర్చెదము. ఆప్టోమెట్రిస్టు శస్త్రచికిత్స చేయు వైద్యురాలు కాదు, అద్దములమ్ము వర్తకురాలు మాత్రమే యనుటయు సరికాదు. దృష్టి యెంత తగ్గినదో కొలిచి, తగిన అద్దము నిర్ణయించి, కంటిలో వ్యాధిలక్షణము కనబడినచో వైద్యునికడకు పంపుట ఆమె పని. మన దేశమున నాలుగేండ్ల చదువుగా నిది 1985లో చెన్నపట్టణమున ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీతో నారంభమైనది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమున ఆప్టోమెట్రిస్టులును చేరియున్నారు. కావున బోర్డు కట్టుకొనవచ్చును. దానిపై తన పట్టము వ్రాసికొనవలెను గాని "కంటి డాక్టరు" అని మాత్రము వ్రాసికొనరాదు.

ఇక గిరాకి. నలువది యేండ్లు దాటినవారికి చత్వారము తప్పదు. సూదిలో దారమెక్కదు, బియ్యములో రాయి కనబడదు. మన యాడువారు దీనిని వయోధర్మమని యూరకుందురు. బిడ్డచేత దార మెక్కించుకొని కాలము గడుపుదురు. పెడనలో కలంకారీ గుడ్డపై అచ్చు సరిగా కూర్చవలసిన చేతికి, బందరు రోల్డుగోల్డు పనిలో గొలుసుకడియ అతుకవలసిన చేతికి, నాగాయలంకలో వల యల్లు చేతికి ఈ చత్వారము కూలిని తగ్గించును. ఎంత తగ్గించునో లెక్క కట్టినవారు కలరు. అస్సాము తేయాకు తోటలలో నలువది యేండ్లు పైబడిన 751 మంది కూలీలతో జరిపిన పరిశోధన 2018లో ప్రకటింపబడినది. దగ్గరిచూపు అద్దము లిచ్చినవారు, ఇయ్యనివారికంటె రమారమి 22 శాతము అధికముగా ఆకు కోసిరి. బంగ్లాదేశమున జరిగిన యట్టి మరియొక పరిశోధన 2024లో వెలువడినది. అందు అద్దములు పొందినవారి నెలసరి యాదాయము ఎనిమిది నెలలలో పొందనివారికంటె 33 శాతము హెచ్చినది. ఆ యద్దములు వజ్రములు కావు, సామాన్యమైన చదువు అద్దములే. ఈ మాట అమ్మాయి తన గదిలో గోడకు వ్రాసి పెట్టుకొనిన బాగుండును.

ఇప్పుడు లెక్క. ఈ క్రింది యంకెలు ఉదాహరణమునకు మేము వేసినవి. అమ్మాయి తన యూరి ధరలు విచారించి మార్చుకొనవలెను. గది యద్దె 9,000 రూపాయలు, సహాయమునకొక పిల్ల జీతము 10,000, కరెంటు, ఫోను, చిల్లర 2,500, పరికరముల యప్పు వాయిదా 13,500. వీనితోపాటు అమ్మాయి జీతము 20,000 తప్పక వ్రాయవలెను. మన యిండ్లలో ఆడుదాని శ్రమకు వెల కట్టుట యలవాటు లేదు. ఆ గడి ఖాళీగా నుంచి కొట్టు లాభమున నున్నదని సంతోషించువారిని మేము పెక్కుమందిని చూచితిమి. మొత్తము నెలకు 55,000.

ఒక్కొక్క జోడు మీద ఫ్రేము, అద్దముల కొనుగోలు పోగా 450 రూపాయలు మిగులు ననుకొందము. పరీక్ష ఉచితమైనచో నెలకు 123 జోళ్లు అమ్మవలెను. అనగా పనిదినములు 26 కాగా దినమున కైదు. వచ్చినవారు పదిమంది యనుకొనిన, సగముమందికి జోడు అంటగట్టనిదే అద్దె పుట్టదు. అట్లుగాక పరీక్షకు నూరు రూపాయలు పుచ్చుకొనినచో, దినమునకు పదిమందివలన నెలకు 26,000 వచ్చును. మిగిలిన 29,000 కొరకు 65 జోళ్లు చాలును. దినమునకు రెండున్నర.

ఈ భేదమును తల్లిగారు శ్రద్ధగా గమనింపవలెను. "కంటి పరీక్ష ఉచితము" అను బోర్డు చూచి మనము సంతసింతుము. కాని పరీక్షించిన వేళకు వెల రాని గదిలో, అక్కరలేని జోడే ఆ వెల చెల్లించును. మా నలువదియైదవ యేట బందరులో నొక కొట్టున, పేరు వ్రాయము, ఉచిత పరీక్ష చేయించుకొని యింటికి తెచ్చుకొన్న ఖరీదైన జోడు ఇప్పటికిని బీరువాలో నున్నది. అది పెట్టుకొనిన గచ్చు పైకి లేచినట్లుండెడిది. మరల పరీక్షింప జేయగా దూరపుచూపునకు మా కసలు అద్దమే అక్కరలేదనిరి. కనుక అమ్మాయి పరీక్షకు వెల పెట్టవలెను, "నీకు జోడు అక్కరలేదు" అని చెప్పి పంపుటకు ఆమెకు స్తోమత యుండవలెను. అట్లు పంపబడినవాడు మరునాడు తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చును. నూరు రూపాయలు ఇయ్యలేని కూలివారికి వారమున నొక పూట ఉచితముగా చూచిన చాలును.

ఉచితముగా చూచుచు నిలిచిన సంస్థ లేదా యని ప్రశ్న రావచ్చును. హైదరాబాదులో 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి.ప్రసాదు నేత్రసంస్థకు, ఆ పేరుగల సినిమా దర్శక నిర్మాత కుటుంబము కోటి రూపాయలును, అయిదెకరముల భూమియు నిచ్చినది. విజయవాడ చెంత తాడిగడపలో 2011 నుండి వారి ఆసుపత్రి యున్నది. వారి పద్ధతి గోపురమువంటిది. అడుగున పల్లెలలో దృష్టి కేంద్రములు, ఒక్కొక్కటి రమారమి ఏబదివేల జనమునకు. ఏడాది శిక్షణపొందిన స్థానిక యువతీయువకులే వానిని నడుపుదురు. అక్కడ ఖర్చునకు ముఖ్యాధారము కళ్లజోళ్ల విక్రయమే. అయినను ఒక కేంద్రమున లోటు వచ్చిన ఆదుకొనుటకు పెద్ద సంస్థ వెనుక నున్నది. మన అమ్మాయి వెనుక తల్లి నగలు తప్ప నేమియు లేవు. వారినుండి నేర్చుకొనదగిన దొకటి కలదు: జనమున్న చోటికి పోవుట. అవనిగడ్డలో గది పెట్టి, వారమున కొకనాడు కోడూరునకు, ఒకనాడు నాగాయలంకకు ట్రయలు పెట్టెయు, రెటినోస్కోపును పట్టుకొని పోవలెను. ఆటోరిఫ్రాక్టరు యంత్రము లేకున్నను రెటినోస్కోపు చేతిలో నున్నవారికి పని యాగదు. బందరు పోయివచ్చిన ఒకనాటి కూలి పోవునే యని కన్ను చూపించుకొననివారు ఆ పల్లెలలోనే యుందురు.

దివిసీమ రాబడి ఏడాదిపొడుగున నొక్కతీరుగా నుండదు. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు సముద్రపు వేట నిషేధము. ఆ కాలమున రేవుపల్లెలలో అరువు తప్ప నగదు దొరకదు. ఆ నిషేధ మింకను తీరకమునుపే జూనులో బడులు తెరచి పిల్లల జోళ్ల గిరాకి వచ్చును. వరికోతల పిమ్మట రైతుల చేతిలో డబ్బాడును. కావున రెండు నెలల ఖర్చు విడిగా నుంచక కొట్టు తెరువరాదు. అరువు పుస్తక మొకటి పెట్టుకొనవచ్చును గాని, అందు ఫ్రేము వెలయైనను ముందు రాబట్టవలెను.

సరుకు సంగతి. దగ్గరిచూపు అద్దములు ఒకటి నుండి మూడు పవరు వరకు ఎల్లప్పుడు ఉంచవలెను; తక్కిన యద్దములు ఆర్డరు వచ్చిన పిమ్మట విజయవాడ నుండి తెప్పించుకొనవచ్చును. ఫ్రేములు నూరు చాలును. అరలు నిండుగా నుండవలెనని నాలుగువందలు తెచ్చినవారి సొమ్ము అరలలోనే యుండును. పైగా మనది ఉప్పుగాలి. చౌక పూత ఫ్రేములు ముక్కుదగ్గర పచ్చబడును. తేమకు పరికరముల యద్దములపై బూజు పట్టును గనుక వానిని తేమ పీల్చు పొట్లములతో మూసి యుంచవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి దృష్టిదోషపు కళ్లజోళ్లపై జీఎస్టీ 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. ఆ తగ్గుదలను కొనువారికే చూపి చెప్పిన మంచిపేరు వచ్చును.

మరియొక ప్రమాదము. శుక్లములు, నీటికాసులు, మధుమేహమువలన కలుగు రెటీనా జబ్బు కనబడినప్పుడు వైద్యునికడకు పంపవలెను గదా. పంపినందుకు కమీషనిత్తుమని వర్తమానములు వచ్చును. వైద్యులు అట్టి కమీషన్లు ఇచ్చుట 2002 నాటి వైద్యవృత్తి నియమములచే నిషిద్ధము. అమ్మాయి మొదటి దినముననే కాదనవలెను. ఒకమారు పుచ్చుకొన్న పిమ్మట ఎవరిని ఎక్కడికి పంపవలెనో ఆమెకు బదులు ఆ సొమ్మే నిర్ణయించును.

కళ్లజోడు పెట్టిన పిల్లకు సంబంధములు రావను మాట ఇంకను మన యిండ్లలో నున్నది. పదియవ తరగతి పిల్ల నల్లబల్ల కనబడక వెనుకబడుచుండ, తల్లి "పెండ్లి అయినదాక వద్దమ్మా" అని జోడు దాచును. ఇట్టి తల్లులు ఈ గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా మాటలాడుదురు. ఒక యాడుబిడ్డ కుర్చీలో నున్నచోట వారు చెప్పుకొనగలరు. అవనిగడ్డలో అమ్మాయికి గల మూలధనమున దీనినిగూడ చేర్చుకొనవలెనని మా యభిప్రాయము. మేనత్తగారు తెచ్చు సంబంధములవారును, నెలకు జీతము తీసికొను యజమానురాలిని చూచి భయపడువారైనచో వారిని పోనిండు.

నగల విషయము. అమ్మా, కుదువపెట్టవలదు. ముద్రా పథకము క్రింద పది లక్షల వరకు హామీ సొత్తు లేకయే బ్యాంకులు ఋణమీయవచ్చును. పైన చెప్పిన వాయిదాకు ఆరు లక్షలు, అయిదేండ్ల గడువు చాలును. 1923లో పట్టాభిసీతారామయ్యగారు మన బందరుననే ఆంధ్రా బ్యాంకు పెట్టిరి. 2020లో నది యూనియను బ్యాంకులో కలిసిపోయినది గాని, ఈ సీమవారికి బ్యాంకు మెట్లెక్కుట క్రొత్త కాదు. అమ్మాయిని తోడ్కొని మీరే పొండు. లెక్క కాగితము ఆమె చేతివ్రాతతో నుండవలెను.

మీ జాబులో అక్షరములు పేజీ చివరకు వచ్చునప్పటికి పెద్దవియై, పంక్తులు క్రిందికి జారినవి. మీకును చత్వారము వచ్చినదని మేము తలంచుచున్నాము. గది తెరచిననాడు మొదటి పరీక్ష మీదే కావలెను. నూరు రూపాయలు చెల్లించి రసీదు పుచ్చుకొని, మాకు మరల వ్రాయుడు.