పోస్టరు కాదు తమ్ముడూ, బొమ్మ ఆడాలి!

ఈ వారం ఉత్తరాల సంచీ విప్పితే ఎప్పటి సరుకే! "ఫలానా హీరోయిన్ పెళ్ళెప్పుడు?" అని ఆరుగురు, "మా హీరో గొప్పా, వాళ్ళ హీరో గొప్పా?" అని పదిమంది. మీకో దణ్ణం! ఆ పంచాయితీ వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. ఎందుకంటే సంచీ అడుగున ఒక ఉత్తరం దొరికింది. అరకు లోయ నుంచి. రాసింది డిగ్రీ చదువుతున్న కుర్రాడు. పేరు వెయ్యొద్దన్నాడు గనక "అరకు తమ్ముడు" అందాం.

సారాంశం ఇదీ: "అన్నయ్యా! మా ఇంట్లో రెండు గదులు బాగుచేసి టూరిస్టులకి ఇస్తున్నాం. అమ్మ వండి పెడుతుంది. నాన్న కాఫీ తోట చూపిస్తాడు. ఫ్రెండు సాయంతో ఒక వెబ్‌సైటు పెట్టాను. అందులో 'అరకు, అరకు రూమ్, అరకు టూర్, అరకు బెస్ట్ హోటల్' అని నలభైసార్లు రాశాను. అయినా గూగుల్లో వెతికితే మా పేరు పదో పేజీలో కూడా కనపడదు. అరకు ఎటుందో తెలియని సిటీవాళ్ళ సైట్లు పైన కూర్చున్నాయి. వాళ్ళ ద్వారా గది నిండితే కమీషన్ కట్టాలి. చెల్లి హాస్టలు ఫీజు ఈ గదుల మీదే ఆధారం. ఏం చెయ్యమంటారు?"

సినిమా పత్రికలో ఈ గోలేమిటని నవ్వకండి. ఇది అచ్చంగా సినిమా ప్రశ్నే! "నా బొమ్మకి జనం ఎందుకు రావడంలేదు?" అని నిర్మాత అడిగినట్టే ఉంది.

* * *

తమ్ముడూ, ముందు ఆ నలభైసార్ల సంగతి తేల్చేద్దాం. హాలు ముందు ఒకే హీరో కటౌట్లు నలభై నిలబెట్టావనుకో. మార్నింగ్ షోకి జనం వస్తారు. బొమ్మలో సరుకు లేకపోతే ఫస్ట్ షోకి క్యాంటీన్‌వాడు ఒక్కడే మిగులుతాడు. నువ్వు చేసింది ఆ కటౌట్ల పనే!

ఇంటర్నెట్ తొలిరోజుల్లో ఈ ఎత్తు పారింది. తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు, మనిషి కంటికి కనపడకుండా పేజీ నిండా మాటలు దాచిన ఘనులు కూడా ఉన్నారు. ఇప్పుడు అవన్నీ గూగుల్ నిబంధనల ప్రకారం తప్పులే. దొరికితే పేజీని కిందికి తోస్తుంది, లేదా లిస్టులోంచే తీసేస్తుంది.

అసలు ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో నాలుగు ముక్కల్లో చెబుతాను. గూగుల్‌వాళ్ళ ప్రోగ్రాము ఒకటి రాత్రనక పగలనక ఒక పేజీలోంచి ఇంకో పేజీకి లింకులు పట్టుకుని తిరుగుతూ కనపడినదల్లా చదువుతుంది. చదివినదాన్ని, లావుపాటి పుస్తకం చివర పదాల పట్టిక ఉంటుందే, అలా జాబితా కడుతుంది. మనం ఏదైనా అడిగినప్పుడు ఆ జాబితాలోంచి తీసి, ఏది ముందో ఏది వెనకో వరస పెడుతుంది. ఆ వరసలోనే ఉంది కిటుకంతా!

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు గూగుల్ కంపెనీ పెట్టారు. వాళ్ళ కొత్త ఆలోచన ఏమిటంటే, పేజీ తన గురించి తాను ఏం చెప్పుకుంటోందన్నది ఒక్కటే చూడకూడదు, మిగతా పేజీలు దాన్ని ఎంతగా చూపిస్తున్నాయన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. దీన్ని మన భాషలో ఏమంటాం? మౌత్ పబ్లిసిటీ! హాల్లోంచి బయటికొచ్చినవాడు పక్కింటివాడితో "చూడరా, బాగుంది" అనడం.

* * *

ఇక కాపీ సంగతి. తమ్ముడు తన సైటు చిరునామా కూడా పంపాడు. బొర్రా గుహల గురించి అక్కడ రాసిన పేరా చదివాను. "1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ కనిపెట్టాడు" అని ఉంది. ఎక్కడి నుంచి ఎత్తావు నాయనా? ఇదే వాక్యం లెక్కలేనన్ని టూరిస్టు సైట్లలో ఉంది!

ఒక్క క్షణం లెక్క వెయ్యి. జియలాజికల్ సర్వే పుట్టిందే 1851లో. ఆ విలియం కింగ్ 1887 నుంచి 1894 దాకా దానికి పెద్దగా పనిచేసినాయన. మరి 1807లో ఆయన గుహలోకి ఎలా దిగాడు? డబుల్ యాక్షనా? ఒకడు తప్పు రాశాడు, రెండోవాడు ఎత్తుకున్నాడు, మూడోవాడు దానికి ఫోటో తగిలించాడు. అంతే, తప్పు కాస్తా చరిత్ర అయి కూర్చుంది.

అంతకన్నా పెద్ద తమాషా ఇంకోటి ఉంది. మేస్తున్న ఆవు గుహ పైకప్పు కన్నంలోంచి లోపలికి పడిపోయిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగం కనపడిందనీ మీవైపు కథ చెప్పుకుంటారు కదా. మరి "కనిపెట్టినవాడు" ఎవరయ్యా, దొరా కాపరా? మీ ఊరి కథని మీ సైట్లోంచే తీసేసి, దొర పేరుతో తప్పు తేదీ పెట్టుకున్నావు!

అలాగే, అరకుకి ముందొచ్చే శిమిలిగూడ స్టేషను "దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజి స్టేషను" అని రాశావు. ఎత్తు సుమారు 996 మీటర్లు. ఒకప్పుడు ఆ పేరుండేది, కాదనను. కానీ 2008లో కాశ్మీరు లోయలో బ్రాడ్‌గేజి రైలు నడిచింది. అక్కడి స్టేషన్లు 1500 మీటర్లకి పైన ఉన్నాయి. రికార్డు చేతులు మారి ఏళ్ళయింది. "అరకు, విశాఖపట్నం జిల్లా" అనీ రాశావు. 2022 ఏప్రిల్ 4 నుంచి మీది అల్లూరి సీతారామరాజు జిల్లా, కేంద్రం పాడేరు. నీ జిల్లా పేరు నువ్వే తప్పు రాస్తే గూగుల్ మాట దేవుడెరుగు, వచ్చే టూరిస్టు ఎలా నమ్ముతాడు?

కాపీ పేజీల మీద గూగుల్‌కీ విసుగు పుట్టింది. 2011 ఫిబ్రవరిలో "పాండా" అనే మార్పు తెచ్చి, అక్కడా ఇక్కడా ఎత్తి అతికించిన పేజీలని కిందికి నెట్టింది. ఏ పేజీ బాగుందో పరీక్షించేవాళ్ళకి ఇచ్చే సూచనల పుస్తకంలో 2022 డిసెంబరులో "అనుభవం" అనే మాట కూడా చేర్చింది. అంటే రాసినవాడు అక్కడికి వెళ్ళాడా, చూశాడా, చేశాడా అని చూడమన్నమాట. 2024 మార్చిలో, వరస మెరుగుపరుచుకోడానికే యంత్రాలతో గుట్టలు గుట్టలుగా పేజీలు అచ్చుపోయడాన్ని నిషేధాల జాబితాలో పెట్టింది. చూశావా! సిటీవాడు డబ్బుతో కొనలేనిది నీ దగ్గర ఊరికే పడి ఉంది. దాని పేరే అనుభవం.

* * *

అయితే ఏం రాయాలి? టూరిస్టు ఏం అడుగుతాడో అది రాయి. "వలిసె పూలు ఎప్పుడు పూస్తాయి?" కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుండే ఆ పూలకోసం జనం విశాఖ నుంచి కార్లు కట్టుకుని వస్తారు. ముందొస్తే మొగ్గలు, ఆలస్యమైతే గింజలు. ఈ ఏడాది మీ ఊరి పక్క చేలో ఏ వారం విచ్చుకున్నాయో నీకన్నా ఎవడికి తెలుసు? తేదీ వేసి, నీ ఫోన్లో తీసిన ఫోటో పెట్టు. వచ్చే ఏడాది మళ్ళీ రాయి.

కాఫీ తోట గురించి ఒక పేజీ పెట్టు. వేసవి తొలి జల్లులకి కాఫీ పూలు విచ్చుకుంటే తోటంతా మల్లెపందిరిలా ఎలా ఘుమఘుమలాడుతుందో చెప్పు. సిల్వర్ ఓక్ చెట్టుకి మిరియాల తీగ ఎందుకు పాకిస్తారో, ఎర్రబడిన పండు ఏ నెలలో కోస్తారో మీ నాన్నని అడిగి ఆయన మాటల్లోనే రాయి. బొంగులో చికెన్‌కి ఏ వెదురు పనికొస్తుందో మీ అమ్మని అడుగు. పొద్దున్నే విశాఖలో కిరండోల్ రైలెక్కితే ఏ పక్క కూర్చుంటే లోయ బాగా కనపడుతుందో, స్టేషను నుంచి మీ ఇంటికి ఆటోకి ఎంతవుతుందో చెప్పు. ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ. అన్నీ కలిపి కిచిడీ చెయ్యకు.

ఇంకో రహస్యం: రిలీజ్ డేటు! పెద్ద హీరో సినిమా విడుదలయ్యే రోజునే చిన్న సినిమా వేస్తే హాళ్ళు దొరుకుతాయా? "అరకు కాఫీ" అన్న మాట మీద ఇప్పుడు మహామహులున్నారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956 నుంచీ ఉన్న గిరిజన సహకార సంస్థ కూడా ఆ పేరుతో పొడి అమ్ముతోంది. వాళ్ళతో ఒక్క మాట మీద కుస్తీ పట్టకు. "అరకులో కాఫీ తోట నడిచి చూడాలంటే", "పిల్లలతో అరకులో ఇంటి భోజనం", ఇలా పొడుగాటి ప్రశ్నలు పట్టుకో. వెతికేవాళ్ళు తక్కువే, కానీ వెతికినవాడు నీ గుమ్మంలోకే వస్తాడు.

తెలుగులోనూ రాయి, ఇంగ్లీషులోనూ రాయి. ఇంగ్లీషులో పోటీ జాతరలా ఉంటుంది, తెలుగులో నిలబడడానికి చోటుంది. పేజీకి పేరు సినిమా టైటిల్‌లా చూడగానే అర్థమవ్వాలి. దానికింద రెండు వాక్యాల్లో లోపలేముందో చెప్పు. ఫోటోల కింద మాటలు రాయి, ఆ యంత్రానికి బొమ్మ కన్నా మాట తేలిగ్గా అర్థమవుతుంది. ఫోటోలు బరువు తగ్గించి పెట్టు. అనంతగిరి ఘాట్ మలుపుల్లో సిగ్నల్ వచ్చీరాక తెరుచుకునే పేజీ కోసం ఎవడూ ఇంటర్వెల్ దాకా ఆగడు. ఫోన్ నంబరూ, గది అద్దె పైనే వెయ్యి.

"ఇప్పుడు అడిగితే గూగులే కృత్రిమ మేధతో జవాబు రాసి పైన చూపిస్తోంది కదా, ఇంక నా పేజీ ఎవడు చూస్తాడు?" అని అడగబోతున్నావు. నిజమే, మన దేశంలో 2024 నుంచి అది వచ్చింది. కానీ ఆ జవాబుకి కూడా సరుకు ఎవడో ఒకడు రాసిన పేజీల్లోంచే రావాలి. నువ్వు నిజం రాయకపోతే అది 1807నే వడ్డించవచ్చు!

* * *

ఒక్క హెచ్చరిక. అన్నీ రాయాలనేం లేదు. ధింసా మీ ఆడవాళ్ళు చేయీ చేయీ పట్టుకుని ఆడే ఆట. చైత్రంలో ఇటుకల పండుగ మీ ఊరి పండుగ. టూరిస్టు కెమెరాకి ఏది చూపాలో, ఏది మీవాళ్ళ మధ్యే ఉండాలో ఊరి పెద్దల్నీ, ఆడేవాళ్ళనీ అడిగి రాయి. పై వరస కోసం ఇంటిగుట్టు అమ్ముకోకూడదు సుమా!

ఇక ఓపిక గురించి. 1980లో "శంకరాభరణం" విడుదలైనప్పుడు మొదటి రోజుల్లో హాళ్ళు పలచగానే ఉన్నాయి. పేరున్న హీరో లేడు. ముఖ్య పాత్రధారి సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగి. చూసినవాళ్ళు చెప్పారు, విన్నవాళ్ళు వెళ్ళారు, ఆ తర్వాత టిక్కెట్టు దొరకలేదు! నీ పేజీకీ అంతే. వచ్చి భోంచేసి వెళ్ళినవాళ్ళని నాలుగు మాటలు రాయమను. లింకులు డబ్బిచ్చి కొనకు. అది బ్లాకులో టిక్కెట్లు కొని నీ బొమ్మకి నువ్వే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టుకోవడం లాంటిది. వారంలో పైకొస్తుందని నేను మాటివ్వను, ఇచ్చేవాడిని నమ్మకు. నెలలు పడుతుంది.

అంచేత తమ్ముడూ, ఈ రాత్రే ఆ నలభై "అరకు"లూ చెరిపెయ్యి. 1807 కూడా చెరిపెయ్యి. మొదటి పేజీ మీ నాన్నతో కాఫీ తోటలోకి నడిచిన పొద్దున గురించి రాసి, చిరునామా నాకు పంపు. బాగుంటే నేనొస్తాను. ఒక గది అట్టేపెట్టు. అద్దె మాత్రం మామూలు రేటే తీసుకోవాలి, అన్నయ్యనని మొహమాటపడొద్దు. చెల్లి ఫీజుంది!

పాఠక మిత్రులారా, మీ ఊరి గురించి ఇంటర్నెట్‌లో ఏ తప్పు తిరుగుతోందో వెతికి ఈ పేజీకి రాయండి. ఇక హీరోల పంచాయితీ అంటారా... కర్రలు కింద పెట్టి వస్తే, వచ్చే వారం!