ముందు అర్థం కావాలి, తర్వాతే మైకు

1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది శాంతిస్వరూప్. అప్పట్లో ఎదురుగా అక్షరాలు చూపించే ప్రాంప్టర్ లేదు. వార్తల్ని ముందే మనసుకెక్కించుకుని, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. 2011లో రిటైరయ్యేదాకా దూరదర్శన్‌లోనే పనిచేశారు. 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు మన సారపాకలో ఫోన్ పట్టుకున్న ప్రతి కుర్రాడూ రిపోర్టరే. మంచిదే. కానీ గోదావరి పొంగినప్పుడు ఏం చెబుతున్నామో చూసుకోవాలి. ఆవలి ఒడ్డున భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. అలాంటి రాత్రి ఒక్క అంకె తప్పు చెబితే, ఇల్లు ఖాళీ చెయ్యాల్సినవాళ్లు నిద్రపోతారు. అక్కర్లేనివాళ్లు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డెక్కుతారు.

యాంకర్ కావాలనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! లైకుల సంగతి తర్వాత. రోజూ పేపర్లో ఒక వార్త పైకి చదవండి. పేరు, ఊరు, అంకె సరిచూసుకోండి. పేపర్ పక్కన పెట్టి అదే వార్త సొంత మాటల్లో చెప్పండి. మధ్యలో ఆగిపోయారా? అయితే ఇంకా అర్థం కాలేదన్నమాట. మనకే అర్థం కాని వార్తను జనానికి చెప్పకూడదు.