కంటికి కొలబద్ద ఏది?

మా సహోపాధ్యాయులొకరు రెండు నగరములలో కంటి పరీక్ష చేయించుకొని వచ్చిరి. మొదటి చీటీలో కంటి నడుమ నేత్రపటలపు మందము 256 మైక్రాన్లు; రెండవ దానిలో 271. వాపు మొదలైనదని వారు మూడు రాత్రులు నిద్రపోలేదు. ఏటూరునాగారము నుండి వరంగల్లు దాదాపు వంద కిలోమీటర్లు. ఒక మాట అడిగి వచ్చుటకు ఒక దినము సెలవు పెట్టవలసినదే. తీరా విచారింపగా కన్ను మారలేదు, యంత్రము మారినది.

మేము తెలుగు పాఠములు చెప్పుకొనువారము. పద్యమునకు గణములు ఎవరు లెక్కించినను ఒకటే. కంటి లెక్క అట్లు కాదని ఆనాడే తెలిసినది.

1851లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ప్రకటించిన సాధనముతో వైద్యుడు సజీవ నేత్రపు లోపలి గోడను చూడగలిగెను. కాని చూచినది ఆయన జ్ఞాపకముననే యుండును. 1926లో జైస్ సంస్థ కెమెరాతో ఆ దృశ్యము ఛాయాచిత్రముగా నిలిచినది. ఛాయాచిత్రము రంగును, రక్తనాళములను చూపును. పొరల మందమును కొలువలేదు. పైగా కనుగుడ్డు పొడవును బట్టి బొమ్మ పరిమాణము మారును. 1991లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు, వారి సహచరులు ప్రకటించిన ఓ.సి.టి. విధానము, లోపలి పొరల నుండి తిరిగి వచ్చు కాంతిని బట్టి నేత్రపటలమును కోయకయే కోసి చూపినది.

ఇచ్చటనే చిక్కు. తొలితరపు స్ట్రాటస్ యంత్రము కాంతిగ్రాహక కణముల నడిమి గీత వద్దనే కొలత ఆపెను. సిర్రస్ దాని దిగువనున్న వర్ణక కణముల పొర వరకు, స్పెక్ట్రాలిస్ ఆ పొర అడుగు త్వచము వరకు కొలుచును. అందుచేత ఆరోగ్యవంతమైన కన్నే మొదటి దానిలో 200 పైచిలుకు, రెండవ దానిలో సుమారు 260, మూడవ దానిలో సుమారు 270 మైక్రాన్లుగా తేలును. సంతలో ఒకరి మానిక మరొకరి మానికకు సరిపడనట్లే.

అంతకంటె మమ్ము కలచినది మరియొకటి. యంత్రము అంకె పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేయును. ఆ రంగులకు ఆధారము కొందరు ఆరోగ్యవంతుల కొలతలు. సిర్రస్ యంత్రపు తొలి పట్టికలో వారు 284 మంది. అందు భారతీయులు నూటికి ఒక్కరు! గోదావరి ఒడ్డు కోయవాని కన్ను ఆరోగ్యమా, రోగమా అని తేల్చునది ఆ పట్టికయా? పైగా ఆరోగ్యవంతులలోనే నూటికి అయిదుగురు పచ్చ గీత దాటి కిందికి పోవుదురను సంగతి చీటీపై ఎవరు వ్రాయుదురు?

ఇది మనవారికి అసాధ్యమైన పనియు కాదు. 1996-2000 నడుమ హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నగరములోను, మూడు గ్రామీణ ప్రాంతములలోను 10,293 మందిని పరీక్షించి చూపినది. అట్టి శ్రమతోనే, ఏజెన్సీ పల్లెలను కలుపుకొని, మన ఆరోగ్యవంతుల కొలతల పట్టికను సిద్ధపరుపవలెనని మా అభిప్రాయము. ఛాయాచిత్రమును పాతదని త్రోసివేయుటయు మాకు సమ్మతము కాదు. దృష్టినాడి అంచున రాలిన చిన్న రక్తపు చారను మందపు అంకె చెప్పదు, చిత్రము చెప్పును.

మా మిత్రులు ఆరు నెలల పిదప మొదటి యంత్రము వద్దకే పోయిరి. అంకె 256. ఇప్పుడు ప్రతి చీటీపై యంత్రము పేరు స్వహస్తముతో వ్రాసి దాచుకొనుచున్నారు.