పశువుల బండిలో కార్పెట్ వద్దండి



మొన్న మా చూడి గేదెని డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్దామని ట్రక్ ఆటో పిలిచాను. వెనక తలుపు దించగానే గుప్పుమని కంపు. ఎప్పుడో పెళ్లి పందిట్లో పరిచిన పాత కార్పెట్ అండి. వాన నీళ్లు, మూత్రం పీల్చుకుని బూజు పట్టేసింది. గేదె కాలు పెట్టగానే జారింది. పడుంటే కడుపులో దూడ ఏమయ్యేదో మీకు చెప్పక్కర్లేదు.

తప్పు బండి అబ్బాయి ఒక్కడిదే కాదండి. కిరాయి దగ్గర బేరమాడతాం గానీ బండి నేల వంక చూడం.

పశువుల రవాణాకి 1978లోనే నిబంధనలు వచ్చాయి. మామూలు బండిలో ఎక్కిస్తే జారకుండా కొబ్బరి పీచు చాపో, చెక్క పలకో వెయ్యాలని అందులోనే ఉంది. మన కోనసీమలో కొబ్బరి పీచుకి కరువా చెప్పండి?

బూజు పట్టిన కార్పెట్ కడిగినా బాగుపడదు, లోపల బూజు ఉండిపోతుంది. మూతికి గుడ్డ కట్టుకుని, నీళ్లు చల్లి, తీసి పారేయండి. పీచు చాపైనా తిరిగొచ్చాక ఎత్తి, కడిగి, రెండు వైపులా ఎండబెట్టాలి. తడిగా వదిలేస్తే దానికీ బూజే. కింద రేకు కూడా ఆరనివ్వండి, తుప్పు పట్టదు.

ఇకనుంచి ముందు నేల చూసి, తర్వాతే బేరమాడదాం. ఏమంటారు?