వాకిట్లో పచ్చటి మరక

మొన్న వేసవి సెలవుల్లో అరకు ప్రయాణానికి రెండు రోజుల ముందు సంగతి. పొద్దున్నే పోర్టికో కడుగుతుంటే బండి కింద చిన్న మరక కనిపించింది. పచ్చగా ఉంది, కాలికి జిడ్డుగా తగిలింది. చీపురుతో రెండుసార్లు రుద్దితేగానీ పోలేదు. “ఏవండీ, బండి కింద ఏదో కారినట్టుందండీ” అన్నాను. మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే “ఏసీ నీళ్లులే” అన్నారు. ఏసీ నీళ్లకి రంగుండదు కదా అన్న మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా పాలు పొంగుతున్న వాసన వచ్చి లోపలికి పరుగెత్తాను. అంతే, ఆ మాట అక్కడే ఆగిపోయింది.

అరకు చూడాలని మా అత్తయ్యగారికి ఎన్నాళ్లుగానో కోరిక. హైదరాబాదు నుంచి వదిన, అన్నయ్యగారు, వాళ్లబ్బాయి వచ్చారు. మేమిద్దరం, మా పిల్లలిద్దరు, అత్తయ్యగారు. మొత్తం ఎనిమిది మందిమి మా పాత డీజిలు బండిలో, సామాను పైన కారియరు మీద. తెల్లవారుజామున కాకినాడలో బయల్దేరి, శృంగవరపుకోటలో టిఫిన్లు చేసి, ఘాటు రోడ్డెక్కేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఏసీ వేసి, అద్దాలు మూసుకుని, అంత్యాక్షరి మొదలెట్టాం.

మలుపులు ఎక్కుతున్నకొద్దీ బండి మూలుగుతోంది. ముందు సీట్లో మగవాళ్లిద్దరూ కబుర్లలో ఉన్నారు. మధ్య సీట్లోంచి నాకు ఆ వేడి ముల్లు పైకి పాకుతూ కనిపిస్తూనే ఉంది. “ఏవండీ, ఆ ముల్లు...” అన్నాను. “ఘాటు ఎక్కుతుంటే అంతే ఉంటుంది. నీకేం తెలుసు?” అన్నారు. ఆయన విసుక్కోలేదు, నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. కాసేపటికి మా తొమ్మిదేళ్ల అమ్మాయి “నాన్నా, ఆ ఎర్రబొమ్మ ఎందుకు వెలుగుతోంది?” అంది. నాన్న జవాబు చెప్పేలోపే పన్నెండేళ్ల మా అబ్బాయి అందుకున్నాడు: “నీకేం తెలుసే, ఊరుకో!”

అంతలో బండినిండా తియ్యటి వాసన. “అరిసెల పాకం మాడినట్టు లేదూ?” అంది వదిన. అప్పుడైనా ఆపాల్సింది. “అనంతగిరి వచ్చేస్తోంది, ఇంకో రెండు మలుపులు. అక్కడ ఆపుదాం” అన్నారు మావారు. ఆ రెండు మలుపులే మా ఇంజను ప్రాణం తీశాయి. ఠకఠకమని చప్పుడు, ముందునుంచి తెల్లటి ఆవిరి. బండి రోడ్డుపక్కన ఆగిపోయింది.

అందరం దిగాం. మావారు కంగారుగా బానెట్టెత్తి, తువ్వాలు చుట్టి రేడియేటరు మూత మీద చెయ్యి వేశారు. నాకెక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం, చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. “కుక్కరండీ అది! ఆవిరి పోకుండా మూత తీస్తారా?” అని అరిచాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆ ఒక్కసారి మాత్రం ‘నీకేం తెలుసు’ అనలేదు.

తర్వాత తెలుసుకున్నాను, ఆ పోలిక అక్షరాలా నిజమేనని. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్లో ఒత్తిడివల్ల ఆ వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది, అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. రేడియేటరు మూత చేసే పనీ అదే. లోపలి నీళ్లని ఒత్తిడిలో ఉంచి మరగకుండా ఆపుతుంది. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి సలసల కాగుతున్న ద్రవమంతా మొహం మీదికి చిమ్ముతుంది. మన వంటింట్లో తెలిసిన సంగతి బానెట్టు కింద తెలియకుండా పోతుందా?

కిందికి దిగుతున్న లారీ ఒకటి మా దగ్గర ఆగింది. డ్రైవరు పెద్దాయన. చాలాసేపు చల్లారనిచ్చి ఆయిలు పుల్ల బయటికి లాగి చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలు పోసిన టీలా ఉంది. “హెడ్డు గ్యాస్కెట్టు పోయిందమ్మా, నీళ్లు ఆయిల్లోకి దిగిపోయాయి. మళ్లీ స్టార్టు చెయ్యకండి” అన్నాడు. తర్వాత “ముందెక్కడైనా కారిందా?” అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. “రెండు రోజుల కింద పోర్టికోలో పచ్చటి మరక చూశాను” అన్నాను. ఆయన మావారి వైపు తిరిగి మెల్లగా అన్నాడు: “అమ్మగారు చూసినప్పుడే ఆ గొట్టం మార్పించేస్తే పోయేది సార్.”

అక్కడ ఫోను సిగ్నలు లేదు. శృంగవరపుకోట చేరాక క్రేను పంపిస్తానని లారీ వెళ్లిపోయింది. ఈలోగా అత్తయ్యగారికి ఇన్సులిన్ వేళ, తిండి వేళ. ఆడవాళ్లకి బాత్రూము అవసరం, నోరు తెరిచి అడగలేని అవసరం. కొంచెం పైన బొంగు చికెన్ అమ్ముకుంటున్న ఒకావిడ మమ్మల్ని చూసి వచ్చింది. మేము అడక్కుండానే అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని వెనకున్న వాళ్లింటికి తీసుకెళ్లింది. నీళ్లిచ్చింది, చాప వేసింది, అన్నం పెట్టింది. డబ్బులివ్వబోతే “మీ ఊరొస్తే నాకు పెట్టరా?” అంది. మగవాళ్లు ఇంజను గురించి తర్జనభర్జన పడుతుంటే, మా అవసరం మొహం చూసి కనిపెట్టింది ఆవిడొక్కతే.

అరకు చూడకుండానే తిరిగొచ్చాం. బండి తొమ్మిది రోజులు షెడ్డులో ఉంది. హెడ్డు వంగిపోయింది, పిస్టన్లు పట్టేశాయి. అంతా కలిపి 82 వేలు అయింది. మామూలు బండి ఇన్సూరెన్సు ప్రమాదాలకే గానీ ఇలా ఇంజను తనంతట తాను పాడైతే సాధారణంగా వర్తించదట. కొత్త గొట్టానికి అయ్యేది కొన్ని వందలు!

ఆ రాత్రి లాడ్జిలో నాకు నిద్ర పట్టలేదు. డబ్బు గురించి కాదు. ‘నీకేం తెలుసు’ అన్న మాట తండ్రి నోట్లోంచి కొడుకు నోట్లోకి పది నిమిషాల్లో వెళ్లడం కళ్లారా చూశాను. రేపు వాడు పెళ్లాంతో అదే అంటాడు. అన్నమాట విని నా కూతురు నాలాగే నవ్వేసి ఊరుకుంటుంది. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మావారిది సగం తప్పయితే మిగతా సగం నాది. ఎనిమిది ప్రాణాలు లోయ పక్కన ప్రయాణం చేస్తుంటే, కూరలో ఉప్పెక్కువైందని వాదించినంత గట్టిగా కూడా నేను వాదించలేదు. బండి సంగతి మగవాళ్లదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

అందుకే అక్కచెల్లెళ్లకి ఈ నాలుగు ముక్కలు. మీకు డ్రైవింగు రాకపోయినా ఫర్వాలేదు. ప్రయాణానికి ముందు ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్టెత్తించి, కూలెంటు డబ్బా మీద రెండు గీతల మధ్య నీళ్లున్నాయో లేదో చూడండి. కింద పడిన చుక్క రంగు లేకుండా ఉంటే ఏసీ నీళ్లు కావచ్చు. పచ్చగానో గులాబీగానో జిడ్డుగా ఉంటే మెకానిక్కుకి చూపించాల్సిందే. దారిలో ముల్లు పైకెక్కుతుంటే ఏసీ ఆపించి, హీటరు పూర్తిగా వేయించండి. అది ఇంజను వేడిని కొంత బయటికి లాగుతుంది. ఎర్రబొమ్మ వెలిగినా, ఆవిరొచ్చినా మొదటి సురక్షితమైన చోట ఆపించి, ఇంజను కట్టేయించండి. ‘ఇంకో రెండు మలుపులు’ వద్దు. చక్రాల కింద రాళ్లు పెట్టి, పిల్లల్ని వాహనాలు తగలని చోట నిలబెట్టండి. కనీసం అరగంట మూత జోలికి పోనివ్వకండి. కాలిన ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరించనివ్వకండి. కాలే గాజుగ్లాసు మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా! జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఎక్కడైనా అత్యవసరానికి 112. మందులు, మంచినీళ్లు, పిల్లల తిండి ఉన్న సంచీ కారియరు మీద కాదు, కాళ్ల దగ్గరే ఉండాలి.

మా ఇంట్లో ఇప్పుడొక కట్టుబాటు పెట్టుకున్నాం. బండిలో ఎవరు ‘ఆపండి’ అన్నా ముందు ఆపాలి, తర్వాతే ఎందుకని అడగాలి. ఈ మాట మావారే అన్నారు, అదీ పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి. “ఆరోజు మీ అమ్మ చెప్పింది, నేనే వినలేదు” అని కొడుకు ముందు ఒప్పుకున్నారు. నాకు 82 వేలు అక్కడే తిరిగొచ్చినట్టనిపించింది.

రేపు వాకిలి ఊడ్చేటప్పుడు బండి కిందికి ఒకసారి చూడండి. మరక కనిపిస్తే చెప్పండి. ‘నీకేం తెలుసు’ అంటే... రెండోసారి కూడా చెప్పండి.