నీళ్ల కింద ఊరుంది, చెప్పేవాళ్లేరి?

హైదరాబాద్ నుంచి ఒక్కరోజు నాగార్జున సాగర్ ప్యాకేజీ ఎలా నడుస్తుందో మనలో చాలామందికి కంఠస్థమే. పొద్దున్నే బస్సెక్కడం, ఇబ్రహీంపట్నం దాటేలోపే టీవీలో సినిమా మొదలవడం, కొండమల్లేపల్లికి ఇవతలో అవతలో ఇడ్లీ, వడ. సాగర్ చేరేసరికి పదకొండు. అక్కణ్నుంచి అంతా పరుగే. బుద్ధవనం, డ్యామ్, లాంచీ, నాగార్జునకొండ మీది మ్యూజియం, ఆలస్యంగా చేపల వేపుడుతో భోజనం, అనుపు, పొద్దువాలే వేళకు ఎత్తిపోతల. ఇంటికొచ్చేసరికి వీధి మొత్తం నిద్రపోయి ఉంటుంది.

ఈ ప్రయాణాన్ని ఎగతాళి చేయడానికి కాదు ఈ వారం రాస్తున్నది. వారానికి ఒక్క సెలవు, వెంట ముసలివాళ్లు, చంటిపిల్లలు, లెక్క చూసుకుని ఖర్చుపెట్టాల్సిన డబ్బు ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కారు లేనివాళ్లను కూడా నీళ్ల దాకా చేర్చేది ఈ బస్సే. నా పేచీ వేరే. రోజంతటిలోకీ విలువైనది లాంచీ మీద గడిచే ముప్పావు గంట. సరిగ్గా అప్పుడే ఎవరూ ఏమీ చెప్పరు. స్పీకర్లో పాట, అది లేకపోతే ఇంజను మోత. జనం కాసేపు కొండలకేసి, కాసేపు నీళ్లకేసి, ఆ తర్వాత ఫోన్లకేసి చూస్తారు. లాంచీ మాత్రం ఒకనాటి రాజధాని ఉన్న లోయ మీదుగా పోతుంటుంది. పెళ్లికెళ్లి వధూవరుల మొహమైనా చూడకుండా విస్తరి ముందు కూర్చుని లేచొచ్చినట్టు ఉంటుంది మన సాగర్ యాత్ర.

కొన్ని నీళ్ల అందం చూస్తేనే తెలిసిపోతుంది. కొల్లేరులో వాలే పక్షుల్ని చూసి సంతోషపడటానికి పక్కన ఎవరూ మాట్లాడనక్కర్లేదు. సాగర్ అలా కాదు. దాని అసలు సంగతి అడుగున ఉంది, చెబితే తప్ప కనపడదు. అందుకే ఇక్కడ గైడు ఉంటే బావుంటుంది అనడం చాలదు. గైడు లేకపోతే టికెట్టు కొన్నదానిలో సగమే చేతికందినట్టు.

ఇంతకీ అడుగున ఏముంది? శాతవాహనుల తర్వాత, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఆ లోయలో ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, వాటికి కూతవేటులోనే కార్తికేయుడి గుడి, అష్టభుజస్వామి గుడి, నది ఒడ్డున రాతి స్నానఘట్టం, నాలుగు వైపులా మెట్లతో జనం కూర్చుని చూసే వినోదశాల. రోమన్ బంగారు నాణేలు కూడా దొరికిన చోటు ఇది.

కట్టడాల జాబితా చదివితే ఎవరికైనా ఆవలింత వస్తుంది. మనుషుల గురించి చెప్పి చూడండి. శాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు, గోవుల్నీ నాగళ్లనూ దానమిచ్చానని చెప్పుకున్నవాడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధులకు మహాచైత్యం నిలబెట్టింది. అంటే ఒకే ఇంట్లో సోదరుడిది యజ్ఞశాల, ఆడబడుచుది చైత్యం. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్లను పెళ్లాడాడు. మన మేనరికాలకు పదిహేడు వందల ఏళ్ల నాటి రాతి సాక్ష్యం అది. రాణివాసానికి చెందని బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, వాళ్ల ధర్మప్రచారం చేరిన దేశాల వరుసలో కాశ్మీరం, గాంధారం, చైనా పేర్లు చెక్కించింది. కృష్ణ ఒడ్డున కూర్చున్న ఒక ఆడమనిషి లోకం మీద అంత చూపు పెట్టుకుందంటే వినేవాళ్లు ఫోను పక్కన పెట్టరా? ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు చాలు. లాంచీలో ఉన్నవి నలభై అయిదు.

ఈ చోటు బయటి ప్రపంచానికి తెలిసింది కూడా ఒకరు నోరు విప్పడం వల్లనే. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు ఇక్కడొక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి కబురు చేశారు. శాసనాల విభాగంలో తెలుగు సహాయకుడిగా పనిచేస్తున్న ఎ. రంగస్వామి సరస్వతి 1926లో వచ్చి పరిశీలించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఆ తర్వాత 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వారు. లోయ మునుగుతుందని తేలిపోయాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో వందకు పైగా చోట్ల, నీళ్లతో పందెం వేసుకున్నట్టు తవ్వకాలు సాగాయి. కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ మీద తిరిగి పేర్చారు. కొన్నింటికి నమూనాలు కట్టారు. వినోదశాల ఒడ్డునున్న అనుపుకు చేరింది. కొండ మీద మ్యూజియం 1966లో తెరిచారు. చుట్టూ నీళ్లు నిండాక ఆ కొండ కాస్తా దీవి అయింది. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను 1964–68 మధ్య పైకి తరలించిన ముచ్చట లోకమంతా చెప్పుకుంటుంది. మన లోయలో ఆ హడావిడి అంతకు పదేళ్ల ముందే మొదలైందని మన పిల్లలకే తెలియదు.

డ్యామ్ కథ కూడా ఇంతే. బస్సు ఆపుతారు, దిగుతాం, గేట్లు ఎత్తారా లేదా అని చూస్తాం, ఎక్కుతాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లొదిలారు. ఆ మధ్య పన్నెండేళ్లూ కూలీల చెమటే. నదికి అడ్డంగా కనిపించే ఆ ప్రధాన కట్టడం రాతి కట్టుబడి. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు ఆ ఒక్క ముక్క చెబితే చాలు, 26 గేట్ల మీంచి చూపు కిందికి దిగి రాళ్ల మీద ఆగుతుంది. ఎడమ కాలువ, కుడి కాలువ నల్లగొండ నుంచి ప్రకాశం దాకా ఎన్ని లక్షల ఇళ్లకు అన్నం పెట్టాయో, ఆ అన్నం కోసం లోయలోని ఊళ్లు, తండాలు ఇల్లూవాకిలీ వదిలి ఎక్కడెక్కడికి లేచిపోయాయో, రెండూ ఒకే నోటితో చెప్పాల్సిన సంగతులు. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది ప్రచారమవుతుంది. రెండూ చెప్పకపోతే ఇప్పుడు జరుగుతున్నదవుతుంది.

‘పిక్నిక్ జనానికి ఇవన్నీ ఎందుకండీ, వాళ్లు సరదాగా వస్తారు’ అని టూర్లు నడిపేవాళ్లు అంటారు. ఈ మాటకు పెద్ద వంశవృక్షమే ఉంది. ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్ ఒక్కరోజు సరస్సుల యాత్రలకు పెట్టింది పేరు. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు కూడా వేసవి వస్తే అటే దారి తీస్తారు. ఆ సరస్సుల గురించి 1810లోనే యాత్రికులకు దారి చూపే రచన చేసిన కవి వర్డ్స్‌వర్త్, 1844లో విండర్‌మియర్‌కి రైలు వేస్తామంటే ఎదురు తిరిగాడు. పత్రికకు లేఖలు రాశాడు. ఫ్యాక్టరీ ఊళ్ల జనం రైళ్లలో గుంపులుగా దిగితే ప్రశాంతత పోతుందన్నాడు. ప్రకృతి అందాన్ని ఆస్వాదించే రుచి మెల్లమెల్లగా అలవడేదే తప్ప ఒక్కరోజు షికారుతో వచ్చేది కాదన్నాడు. అయినా 1847లో రైలు వచ్చింది, జనమూ వచ్చారు.

వర్డ్స్‌వర్త్ చెప్పిందాంట్లో సగం నిజం. రుచి అలవడేదే, పుట్టుకతో వచ్చేది కాదు. అలాంటప్పుడు అలవాటు చేసే పని ఎవరిది? ఈ రోజు అక్కడ సరస్సుల చుట్టూ తిప్పే చిన్న బస్సుల్లో డ్రైవరే గైడు. స్టీరింగు తిప్పుతూనే ఏ గోడ ఎందుకు కట్టారో, ఏ లోయ ఎందుకు మునిగిందో చెప్పుకుపోతాడు. మునిగిన లోయలు వాళ్లకూ ఉన్నాయి. మాంచెస్టర్ నగరం దాహం తీర్చడానికి హాస్‌వాటర్ సరస్సును పెంచినప్పుడు 1930లలో మార్డేల్ గ్రీన్ అనే పల్లె నీళ్లపాలైంది. కరువు ఏడాదుల్లో నీళ్లు తగ్గి ఆ పాత గోడలు బయటపడితే చూడ్డానికి జనం బారులు కడతారు. వాళ్లది పల్లె, మనది రాజధాని. జనానికి ఆసక్తి లేదని మనం ముందే తీర్మానించుకున్నాం కానీ, వాళ్ల చెవిన వేసి చూసిందెప్పుడు? రెండున్నర గంటల సినిమాలో రాజుల కథను కళ్లార్పకుండా చూసే జనం వీళ్లే కదా.

ఐతే ఏదో ఒకటి చెప్పేస్తే సరిపోదు. గైడు ఉన్నచోట ఇంకో జబ్బు ఉంది, తోచింది కలిపేయడం. ఆచార్య నాగార్జునుడు ఇక్కడే విశ్వవిద్యాలయం నడిపాడని, ఫలానా చోట కూర్చుని పాఠం చెప్పాడని వేలు పెట్టి చూపించేవాళ్లున్నారు. కొండకు ఆయన పేరుంది, సంప్రదాయం ఆయన్ని ఈ చోటుతో ముడిపెడుతుంది. తవ్వకాల్లో దొరికిన శాసనాలు మాత్రం ఆ ముడిని రుజువు చేయవు. ‘జనం ఇలా అనుకుంటారు, రాయి ఇలా చెబుతోంది’ అని రెండింటినీ విడదీసి చెప్పగలిగినవాడే మంచి గైడు. ఆ తేడా వింటే వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకోరు. పిల్లలైతే ‘మరి మనకెలా తెలుస్తుంది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టిందంటే బస్సు చార్జీ గిట్టినట్టే.

నీళ్ల మీద గొంతు అవసరం చరిత్ర కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన బోటు వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. యాభై మంది దాకా పోయారు. ఆ తర్వాత కూడా మన బోట్లలో లైఫ్ జాకెట్‌ను ఫొటో దిగేదాకా వేసుకుని, ఆనక తీసి సీటు కింద పెట్టేవాళ్లకు కొదవ లేదు. సరంగు చూపు నీళ్ల మీదే ఉండాలి. ప్రయాణికులు ఒకే పక్కకు గుమిగూడకుండా చూడటం, జాకెట్ విప్పినవాళ్లకు నచ్చజెప్పడం వేరే మనిషి పని. చెప్పేది ఆసక్తిగా ఉంటే జనం కూర్చున్నచోటే ఉంటారు. డ్యాన్సు పాట పెట్టి, ఆపైన ‘లేవకండి’ అని అరిస్తే వినేదెవరు?

చేయాల్సింది పెద్ద పథకమేమీ కాదు. ఒకటి, చూపించే చోట్లు తగ్గించాలి. రోజుకు ఆరు చోట్లు అంటే ఆరు పార్కింగులు చూసినట్టే. డ్యామ్, లాంచీ, కొండ, అనుపు, ఈ నాలుగూ ఒకే కథ, ఇదే వరుసలో. బుద్ధవనం, ఎత్తిపోతల మరో రోజుకు వదిలేయొచ్చు. రెండు, కొండ మీద గంట కాదు, రెండు గంటలన్నా ఉండనివ్వాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవని తెలిసీ ఆ రోజు బస్సు కట్టడం మానాలి. మూడు, లాంచీలో పాటల బదులు ఇరవై నిమిషాల వ్యాఖ్యానం, చరిత్ర తెలిసినవాళ్లతో రాయించి, మంచి గొంతుతో తెలుగులో చదివించింది వినిపించాలి. దానికయ్యే ఖర్చు ఒకసారిదే. నాలుగు, మాచర్ల, పెద్దవూర చుట్టుపక్కల డిగ్రీలు చేసి ఖాళీగా ఉన్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, టిప్పుల మీద కాకుండా జీతం మీద గైడ్లుగా పెట్టాలి. తాతలు ఆ డ్యామ్‌కి రాళ్లు మోసిన ఇళ్లు ఆ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లు చెబితే ఆ లెక్కే వేరు.

దీవి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, బస్సుల్లో చాలావరకు తెలంగాణ నుంచి వస్తాయి. 2023 నవంబర్ చివర డ్యామ్ మీద గేట్లను సగం సగం పంచుకునేదాకా వెళ్లిన రెండు ప్రభుత్వాలు ఒక వ్యాఖ్యానం దగ్గర కలవలేవా? విజయపురి రాష్ట్ర విభజనకు పదిహేడు వందల ఏళ్లు పెద్దది.

ప్రభుత్వాలు కదిలేదాకా ఆగక్కర్లేదు, మనం చేయగలిగింది ఒకటుంది. బస్సులో ఏసీ ఆగితే గొడవపడతాం, భోజనంలో పెరుగు తక్కువైతే మేనేజరును పిలిపిస్తాం. టికెట్టు మీద గైడెడ్ టూర్ అని అచ్చేసి డబ్బు తీసుకున్నాక, నోరు విప్పి చెప్పే మనిషి కూడా ఆ డబ్బులో భాగమే. ఈసారి బుక్ చేసేటప్పుడు సీటు కిటికీ పక్కనేనా, భోజనం వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగాక, ‘లాంచీలో చెప్పేవాళ్లుంటారా?’ అని కూడా అడగండి. లేరంటే ఎందుకు లేరనండి. పెరుగు విషయంలో మన గొడవకు ఫలితం దక్కుతోంది, ఈ విషయంలోనూ దక్కుతుంది.